దుర్గాంబ గారి పడవకు హాషం పెట్టిన బ్యాటరీ

పంజగుట్ట చౌరస్తా దాటి ఎర్రమంజిల్ వైపు పోతుంటే, మెట్రో స్తంభాల నీడ పడే వరుసలో హాషం బ్యాటరీల దుకాణం కనిపిస్తుంది. తండ్రి పెట్టిన దుకాణం. మీసాలు మొలిచే వయసులో అందులో కూర్చున్న హాషం, గడ్డం నెరిసేదాకా అక్కడే ఉన్నాడు. లోపల పెద్ద జాగా లేదు. సగం వ్యాపారం ఫుట్‌పాత్ మీదే జరుగుతుంది. ఛార్జింగుకు వచ్చిన బ్యాటరీలన్నీ బయట చెక్కబల్ల మీద వరుసగా ఉంటాయి. మూతలు వదులు చేసి ఉంటాయి. వాటి ఘాటు వాసనకు పక్కన చాయ్ బండి దగ్గర నిలబడేవాళ్లు ఏనాడో అలవాటు పడ్డారు. హాషం చొక్కాల్లో యాసిడ్ పడి చిల్లులు పడనిది ఒక్కటీ ఉండదు. భార్య నౌషీన్ వాటిని మిగతా బట్టల్లో కలపకుండా వేరుగా ఉతుకుతుంది.

అతనికి సీసం బ్యాటరీ మీద ఉన్న నమ్మకం అంతా ఇంతా కాదు. కారుదైనా, ఇంట్లో ఇన్వర్టరుదైనా, బరువుగా ఉండి యాసిడ్ నీళ్లు పోసుకునే పాత రకం బ్యాటరీయే అతని దృష్టిలో బ్యాటరీ. "గది పోయే ముంగట చెప్పి పోతది. లైటు మెల్లగ గుడ్డిదైతది, హారన్ గొంతు తగ్గుతది. మనకు సమజైతది," అని వచ్చినవాళ్లకల్లా చెప్పేవాడు. ఈ మధ్య వచ్చిన లిథియం బ్యాటరీలంటే పడదు. రోడ్డు మీద ఎక్కడో స్కూటర్ తగలబడిన వీడియో ఎవరైనా చూపిస్తే, చూశారా అన్నట్టు తలాడించేవాడు. అన్న కొడుకు కాశిఫ్ తన దగ్గరే పని నేర్చుకుని, దుకాణంలో లిథియం కూడా పెడదామన్నందుకు మాటా మాటా పెరిగింది. కాశిఫ్ వెళ్లిపోయి అమీర్‌పేటలో, మైత్రీవనం దగ్గర ఒక కాంప్లెక్సు పై అంతస్తులో సొంతంగా లిథియం దుకాణం పెట్టుకున్నాడు. అప్పటి నుంచి ఇద్దరి మధ్య ఈద్ నాటి ఆలింగనాలు తప్ప మాటల్లేవు.

హాషం భయపడేది ఒక్క నీళ్లకే. కొన్నేళ్ల కిందట ఒక సాయంత్రం కుండపోతగా కురిసి, రోడ్డు మీది నీళ్లన్నీ దుకాణంలోకి తోసుకొచ్చాయి. కొత్త ఇన్వర్టర్లు అతని కళ్లముందే బురదలో మునిగాయి. ఆ తర్వాత అరలన్నీ ఇటుకల మీదికి ఎత్తించాడు. ఇప్పటికీ మబ్బు పడితే కింది అరల్లోవి పై అరలకు మారుస్తాడు.

అలాంటి మనిషి దగ్గరికి ఒక వేసవి చివర దుర్గాంబ గారు వచ్చి, పడవకి ఏ బ్యాటరీ మంచిదని అడిగింది.

దుర్గాంబ గారు అతనికి కొత్త కాదు. ఎర్రమంజిల్‌లో నీటిపారుదల శాఖ ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరైంది. గోదావరి జిల్లా మనిషి. పెళ్లి చేసుకోలేదు. చనిపోయిన చెల్లెలి కూతురు సుమశ్రీని పెంచి పెద్ద చేసి, ఆ పిల్లతో అమీర్‌పేటలో ఉంటోంది. ఆవిడ ఇంటి ఇన్వర్టరు బ్యాటరీ మొదటి నుంచీ హాషందే. అందుకే ఆవిడ ఏదో పాత పెద్ద కారును వేళాకోళంగా పడవ అంటోందనుకున్నాడు.

"ఏ పడవమ్మా? అంబాసిడరా?" అన్నాడు నవ్వుతూ.

"కాదండీ హాషం గారూ. నీళ్ల మీద పోయే పడవ."

హాషం నవ్వు ఆగిపోయింది. అమీర్‌పేటలో ఎవరికైనా ఏమైనా ఉండొచ్చు, పడవ ఎందుకుంటుంది? ఆవిడ ఆరోగ్యం బాగానే ఉందా అని కూడా ఒక క్షణం అనుమానపడ్డాడు. మరునాడు దుకాణం నౌషీన్‌కు అప్పగించి చూసి రావడానికి వెళ్లాడు.

మైత్రీవనం వెనుక సందులో ఆవిడ అపార్టుమెంటు. వాచ్‌మన్ హనుమాండ్లు అతన్ని చూడగానే సెల్లార్ వైపు చేయి చూపించి, "పోయి చూడు భాయ్, నేను చెప్తే నువ్వు నమ్మవు," అన్నాడు. కార్లకూ మోటారు సైకిళ్లకూ నడుమ, ఆవిడ ఫ్లాటుకు కేటాయించిన చోట, చెక్క దిమ్మెల మీద నీలం రంగు ఫైబర్ పడవ కూర్చుని ఉంది. నలుగురు పట్టే పడవ. మూతపడిన ఒక రిసార్టు వాళ్ల దగ్గర కొన్నదట. అసోసియేషన్ వాళ్లు అభ్యంతరం చెబితే, "మీరంతా కార్లు పెట్టుకున్న చోట నేను పడవ పెట్టుకున్నాను, తేడా ఏంటి?" అందట.

ఆ రోజు ఆవిడ కాఫీ ఇచ్చి, అడగకుండానే సంగతంతా చెప్పింది. వాళ్ల నాన్న గోదావరి మీద లాంచీ నడిపే సరంగు. చిన్నప్పుడు ఆవిడ నాన్న పక్కన నిలబడి చక్రం పట్టుకునేది. ఎదిగాక, ఆడపిల్లవి ఇక రేవుకు రావద్దన్నారు. తర్వాత చదువు, ఉద్యోగం. ఆఫీసులో కూర్చుని రిజర్వాయర్ల నీటిమట్టాలు రాసి రాసి పైకి పంపడమే గానీ, ఆ నీళ్లలో ఏనాడూ చేయి పెట్టలేదు. తోటి ఉద్యోగిని రుద్రమ్మకు ఊరి బయట చెరువు పక్కన తోట ఉంది. పంచాయతీ అనుమతి కూడా ఆవిడే ఇప్పించింది. ఆ చెరువులో తిప్పుకోవడానికే ఈ పడవ. పెట్రోలు ఇంజనైతే చప్పుడుకు పిట్టలు లేచిపోతాయని చిన్న కరెంటు మోటారు కొంది. ఇక కావలసింది బ్యాటరీ.

హాషం ఆశ్చర్యం నుంచి తేరుకునేలోపే వాదన మొదలైంది. సుమశ్రీ సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తుంది. ఆ పిల్ల చదవాల్సినవన్నీ చదివి, లిథియమే పెట్టాలంది. సీసం దాంట్లో సగం బరువు కూడా ఉండదు, పెద్దమ్మ ఒక్కతే ఎత్తి దించుకోగలదు, నీళ్లు పోసే పని లేదు, ఏళ్ల తరబడి మన్నుతుంది అంది. హాషం ఒప్పుకోలేదు. చెరువు నడుమ ఉన్నప్పుడు అది మండితే ఎక్కడికి దూకుతారని అడిగాడు. సీసం బ్యాటరీ తనకు కన్నబిడ్డ లెక్క అన్నాడు. అది అలిసిపోతే పడవ నెమ్మదిస్తుంది, నెమ్మదించగానే ఒడ్డుకు తిప్పుకోవచ్చు. దుర్గాంబ గారు ఇద్దరి మాటలూ విని, ఇన్నేళ్లుగా తమ ఇంట్లో దీపం ఆరకుండా చూసినాయన మాటే మాట అంది. సుమశ్రీ ముఖం ముడుచుకుని లోపలికి పోయింది.

ఆ పని హాషం పండగలా చేశాడు. వెనక సీటు కింద ఉన్న పెట్టెలో రెండు పెద్ద బ్యాటరీలు అమర్చాడు. తీగలు తనే బిగించాడు. మామూలు కారు పనైతే అక్కడితో ముగిసేది. కానీ ఇది నీళ్ల మీద పోయేది. దుకాణంలో బురద నీళ్లు తోసుకొచ్చిన సాయంత్రం అతని కళ్లముందు మెదిలింది. ఒక్క చుక్క కూడా లోపలికి పోకూడదనుకుని, పెట్టె అంచు చుట్టూ తలుపులకు వేసే రబ్బరు పట్టీ తెచ్చి అంటించాడు. మూతకు రెండు గట్టి కొక్కేలు పెట్టాడు. మూత వేస్తే లోపలి గాలి లోపలే ఉండిపోయేంత బిగువుగా వచ్చింది. హనుమాండ్లుతో బకెట్టు నీళ్లు తెప్పించి మూత మీద కుమ్మరించి చూశాడు. లోపల తడి లేదు. దుర్గాంబ గారు మెచ్చుకుంటే, అతనికి ఆ రోజంతా కడుపు నిండినట్టుంది.

బ్యాటరీ ఛార్జింగ్ అవుతున్నప్పుడు వాయువు వదులుతుందని హాషంకు తెలియనిది కాదు. చిన్న నిప్పురవ్వ చాలు అంటుకోవడానికి. అందుకే బ్యాటరీ మీది మూతలు వదులు చేయాలని తండ్రి మొట్టమొదటి రోజే చెప్పాడు. హాషం ఆ పని తప్పకుండా చేశాడు, పడవలో కూడా చేశాడు. కానీ అతని జీవితంలో ఏ బ్యాటరీ అయినా ఫుట్‌పాత్ గాలిలోనే ఛార్జయింది. ఆ గాలి ఎప్పటికప్పుడు వాయువును తీసుకుపోతోందన్న ఆలోచన అతనికి ఎన్నడూ అవసరపడలేదు.

ఆషాఢంలో బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం రోజున అది జరిగింది. ఆ వారంలోనే పడవను చెరువుకు తరలించాలనుకున్నారు. పొద్దున్నే దుర్గాంబ గారు ఫోన్ చేసి, ఛార్జింగు పెట్టాను, ఒకసారి వచ్చి చూడమంది. జనం కోసం రోడ్లు మూసేశారని హాషం పంజగుట్టలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగాడు. సందుల్లో డప్పుల మోత. పసుపు చీరల ఆడవాళ్లు గుంపులుగా నడుస్తున్నారు. అతను సెల్లార్‌లోకి దిగేసరికి ఆవిడ పడవలో ఉంది. హనుమాండ్లు అతన్ని ఆపి, తన మోటారు సైకిల్ సెల్ఫ్ పట్టడం లేదని ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. హాషం అటు చెవి పెట్టాడు, ఇటు చూపు పెట్టాడు. ఛార్జరు తీగ రబ్బరు పట్టీ మీదుగా పెట్టెలోకి పోయి, పైన మూత కొక్కేలతో బిగించి ఉంది. ఆవిడ కొక్కేలు తీసింది. మూత ఎత్తింది. వంగి, ఛార్జరు క్లిప్పు చేత్తో పట్టుకుంది. గోడకున్న స్విచ్ ఇంకా వేసే ఉంది.

ఆపమని అనడానికి హాషం నోరు తెరిచాడు.

లారీ టైరు చెవి పక్కన పేలినట్టయింది. సెల్లార్ గోడలు ఆ చప్పుడును ఒకదానికొకటి విసురుకున్నాయి. కార్ల అలారాలన్నీ ఒకేసారి మోగాయి. పొగ లేదు, మంట లేదు. తెల్లటి ఆవిరి లాంటిది పడవ మీద తేలుతోంది. నల్లటి ప్లాస్టిక్ ముక్కలు దూరంగా ఉన్న కారు అద్దం మీద కూడా పడ్డాయి. ఆ ఆవిరి నడుమ దుర్గాంబ గారు రెండు చేతులతో ముఖం కప్పుకుని కదలకుండా నిలబడి ఉంది.

హాషం ఉన్నచోటే నిలబడిపోయాడు. అది తన బ్యాటరీ. అది తను బిగించిన పెట్టె. ఆ రెండు సంగతులూ మనసులో పడుతున్నాయి గానీ వాటికి అర్థం తెలియడం లేదు. ఎంతసేపు అలా నిలబడ్డాడో అతనికి ఈనాటికీ తెలియదు. హనుమాండ్లు మాత్రం, రెప్పపాటు కూడా లేదు భాయ్, అంటాడు.

ఆవిడ, "హాషం గారూ, నాకు కనబడటం లేదు," అంది. అరవలేదు. మామూలుగా మాట్లాడినట్టే అంది. ఆ గొంతు విన్నాకే హాషం కదిలాడు.

చెప్పులు ఎక్కడో జారిపోయాయి. కార్లు కడిగే పైపు అందుకుని, నీళ్లు వదలమని హనుమాండ్లుకు చెప్పి, ఆవిడను పడవ అంచు మీద కూర్చోబెట్టి ముఖం మీదికి నీళ్లు పట్టాడు. ఆవిడ కళ్లజోడు అద్దాలు మబ్బేసినట్టు తెల్లగా అయిపోయాయి. దాన్ని తీసి పక్కన పడేశాడు. చెంప మీద ముక్క కోసుకుని రక్తం కారుతోంది. ఆవిడ రెప్పలు గట్టిగా మూసుకుంటోంది. ఏనాడూ రెండడుగుల ఎడం నుంచి తప్ప ఆవిడతో మాట్లాడని మనిషి, ఆవిడ తల తన మోచేతి వంపులో పెట్టుకుని, రెండు వేళ్లతో రెప్పలు విప్పి పట్టుకుని నీళ్లు పోస్తూనే ఉన్నాడు. ఆవిడ చేయి అతని చొక్కా పట్టుకుని వదల్లేదు.

చప్పుడుకు పైనుంచి పరుగెత్తుకొచ్చిన సుమశ్రీ, ముందు ఆస్పత్రికి తీసుకుపోవాలంది. హనుమాండ్లు ఆటో కోసం పోయి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. కల్యాణం జనంలో ఒక్క బండి కదలడం లేదు. బయట డప్పులు మోగుతూనే ఉన్నాయి. హాషం నీళ్లు ఆపలేదు. చివరికి ఎవరో పోలీసాయన అడ్డుకట్ట పక్కకు జరిపించి ఒక ఆటోను లోపలికి పంపేదాకా ఆ పైపు పారుతూనే ఉంది. ఆటోలో కూడా సీసా నీళ్లు పోస్తూ పోయాడు.

పంజగుట్టలో ఉన్న ఆస్పత్రిలో ఆవిడను లోపలికి తీసుకుపోయాక, హాషం బయట బెంచీ మీద కూర్చున్నాడు. చెవుల్లో ఒకటే గీ అన్న మోత. కబురందుకుని నౌషీన్ వచ్చి, అతని కాళ్లకు చెప్పులు లేవని, చొక్కా ముందు భాగమంతా జల్లెడలా అయిందని చూసి నిలబడిపోయింది. చాయ్ తెచ్చి చేతిలో పెడితే తాగకుండా గ్లాసు బెంచీ మీద పెట్టేశాడు. ఏమైందని ఆమె అడిగితే, "రబ్బరు," అన్నాడు.

డాక్టరు బయటికొచ్చి చెప్పినదేమిటంటే, కళ్లజోడు అడ్డం ఉండడం, అంతసేపు నీళ్లు పట్టడం వల్ల ఎడమ కన్ను దక్కింది. కుడి కంట్లోకి పక్కనుంచి యాసిడ్ పోయింది. పైపొర కాలింది. చూపు ఎంతవరకు వస్తుందో ఇప్పుడే చెప్పలేమన్నాడు. దక్కిన కన్ను మాట సుమశ్రీ విన్నది. దక్కుతుందో లేదో తెలియని కన్ను మాటే హాషం విన్నాడు.

తర్వాత రోజుల్లో అతను దుకాణం షట్టరు సగం ఎత్తి కూర్చునేవాడు గానీ బ్యాటరీ ముట్టలేదు. ఎవరైనా కారు ఆపి అడిగితే లేదని పంపేసేవాడు. ఛార్జింగు బల్ల వైపు చూస్తూ కూర్చునేవాడు. బస్సు పోయినప్పుడల్లా గాలి విసురుకు చాయ్ బండి మీది పరదా లేచేది. ఆ గాలే ఇన్నాళ్లూ తనను కాచిందని, తన తెలివి కాదని అప్పుడు తెలిసొచ్చింది. ఇదే దుకాణంలో, వానాకాలం షట్టరు వేసుకుని ఎన్నిసార్లు లోపల ఛార్జింగు పెట్టుకున్నాడు? పక్కనే నౌషీన్ స్టవ్ వెలిగించి చాయ్ కాచేది.

పోలీసులు వచ్చి అడిగారు. ప్రమాదమని దుర్గాంబ గారే చెప్పి పంపించింది. అసోసియేషన్ వాళ్లు పడవ తీసేయమంటే ఈసారి ఎదురు చెప్పకుండా రుద్రమ్మ తోటకు పంపించేసింది. ఆవిడ ఇంటికొచ్చిందని తెలిసి హాషం వెళ్లాడు. ఎలా మాట్లాడాలో మెట్రోలో అనుకున్నదంతా, కుడి కంటి మీద కట్టు చూడగానే మరిచిపోయాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మేడమ్, పెట్టెకు రబ్బరు బిగించింది నేను. గాలి పోనీకి సందు లేకుండ చేసిన. గ్యాస్ వస్తదని నాకు తెల్వకుండ కాదు. నీళ్లు వస్తయన్న ఫికర్ల గాలి సంగతే యాది మరిచిన. తప్పు నాది."

సుమశ్రీ గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. ఆ పిల్ల ముఖంలో కోపం ఉంది. కానీ అతను తప్పించుకోవడానికి వస్తాడనుకుందో ఏమో, నోటి దగ్గర ఉన్న మాట ఆపుకుంది.

"స్విచ్ కట్టేయకుండా క్లిప్పు లాగింది నేను కదండీ," అంది దుర్గాంబ గారు.

"అది సుత నేను చెప్పాల్సిన మాటే. చెప్పలే."

ఆవిడ ఎడమ కన్ను అతని వైపు తిప్పి, "సరే, ఇప్పుడు చెప్పండి. ఏది పెడదాం?" అంది.

హాషంకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, సెల్లార్‌లో చప్పుడు విన్నప్పటికంటే ఎక్కువ బిత్తరపోయాడు. సుమశ్రీ, ఇంకా పడవేంటి పెద్దమ్మా అని ఏడ్చినంత పని చేసింది. ఇంత జరిగాక మళ్లీ ఇతన్నే అడుగుతున్నావా అంది. దుర్గాంబ గారు గొంతు పెంచకుండా, నాన్న లాంచీ రెండుసార్లు ఇసుక మేటకు తగులుకుందని, మూడో నాడు మళ్లీ రేవులో ఉండేదని చెప్పింది. తప్పు ఎక్కడ జరిగిందో తెలిసిన మనిషిని వదిలేసి, తెలియనివాణ్ని ఎక్కడ వెతకమంటావని అడిగింది.

"నాకు తెల్వదు మేడమ్," అన్నాడు హాషం. "లిథియం గురించి నాకు ఏం తెల్వదు. తెల్వకుండనే అప్పుడు వద్దన్న."

"తెలుసుకుని రండి," అంది ఆవిడ.

అక్కడినుంచి కాశిఫ్ దుకాణం నాలుగు సందుల అవతల. హాషం ఆ మెట్లు ఎక్కడం అదే మొదటిసారి. కోచింగ్ సెంటర్ల పిల్లలు మెట్ల నిండా పుస్తకాలతో కూర్చుని ఉన్నారు. పైన చిన్నాన్న గుమ్మంలో కనిపించేసరికి కాశిఫ్ చేతిలో స్క్రూడ్రైవర్ కింద పడేశాడు. పేలుడు సంగతి అతనికి ఎప్పుడో తెలిసింది. దెప్పుతాడని హాషం కాచుకుని ఉన్నాడు. కాశిఫ్ కుర్చీ తుడిచి వేశాడు. ఇంట్లో మాట్లాడుకునే ఉర్దూలోనే, భోంచేశారా చాచా అని అడిగాడు.

హాషం వచ్చిన పని చెప్పాడు. కాశిఫ్ లేచి, మూల ఉన్న అట్టపెట్టెలు పక్కకు జరిపి పైకి చూపించాడు. సీలింగు మీద నల్లటి మచ్చ, మనిషంత పొడవు.

"నా దుకాణం పెట్టిన కొత్తలో కాలింది చాచా. చవగ్గా వచ్చిందని స్కూటరు బ్యాటరీ ప్యాకు తెచ్చి రిపేరుకు విప్పిన. కిటికీల నుంచి బయటికి విసిరేసరికి చెయ్యి కాలింది. మీకు చెప్తే, నేను ముందే చెప్పిన కదా అంటరని చెప్పలే."

చొక్కా చేయి పైకి మడిచి మచ్చ చూపించాడు. ప్రతి ఈద్‌కూ ఆ చేత్తోనే తనను కౌగిలించుకున్నాడు. హాషం ఆ చేతిని పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఒకే పనిలో ఉన్న ఇద్దరు, ఒకే ఊరి గాలి పీల్చేవాళ్లు, చావు ఇంత దగ్గరగా వచ్చి పోయినా ఒకరికొకరు చెప్పుకోలేదన్నది అతనికి మింగుడు పడలేదు.

ఆ మధ్యాహ్నం కాశిఫ్ వివరంగా చెప్పాడు. లిథియం అంటే అన్నీ ఒకటి కావు. పడవకు తగినది ఐరన్ ఫాస్ఫేట్ రకం. అది అంత తేలిగ్గా మండదు, ఛార్జింగులో మామూలుగా వాయువు వదలదు. అయినా సీసం ఛార్జరు దానికి పెట్టకూడదు, నీళ్లలో నాననీయకూడదు, ఎండలో కాల్చకూడదు. లోపల చిన్న కాపలా బోర్డు ఉంటుంది, ఏదైనా తేడా వస్తే అదే కరెంటు ఆపేస్తుంది. హాషం విని ఊరుకోలేదు. ఒక బ్యాటరీ అడిగి తీసుకుని తన దుకాణానికి పట్టుకుపోయాడు. కాశిఫ్ కూడా వెంట వెళ్లాడు.

పంజగుట్ట ఫుట్‌పాత్ మీద నీళ్ల డ్రమ్ము పెట్టి, దుర్గాంబ గారి ఇంట్లోనే ఉండిపోయిన పడవ మోటారు తెచ్చి అందులో దించి తిప్పారు. డ్రమ్ములో నీళ్లు సుడి తిరుగుతుంటే, బస్సు కోసం నిలబడ్డవాళ్లంతా గుమిగూడారు. హాషం స్టూలు వేసుకుని కూర్చుని మోటారు వైపే చూశాడు. సీసం బ్యాటరీ అయితే ఈపాటికి అలిసేది. ఇది అలిసిపోలేదు. మొదట ఎంత వేగమో సాయంత్రం కూడా అంతే వేగం. అతను మనసులో మెచ్చుకోవడం మొదలుపెట్టిన సమయంలో, ఎవరో తీగ కోసేసినట్టు మోటారు టక్కున ఆగింది. హాషం స్టూలు మీది నుంచి లేచి నిలబడ్డాడు.

"గిట్లనే పోతదా? చెప్పకుండ?"

"గిట్లనే పోతది చాచా. అయిపోతే బోర్డు కట్ చేస్తది."

చెరువు నడుమ, ఒక కంటి చూపుతో ఉన్న మనిషి చేతిలో ఇలా ఆగితే ఏమిటన్నది అతని గుండెలో ముల్లులా దిగింది. అందుకే ఈసారి రుద్రమ్మ తోటలో పడవ పని వేరుగా జరిగింది. ఎంత మిగిలిందో చూపే మీటరు, ఆవిడ ఎడమ కంటికి ఎదురుగా, పెద్ద అంకెలతో పెట్టించాడు. ఒక జత తెడ్లు పడవలో ఎప్పుడూ ఉండాలన్నాడు. రబ్బరు పట్టీ తన చేత్తోనే పీకేశాడు. పెట్టెకు పక్కల గాలి రంధ్రాలు పెట్టి, చినుకులు పడకుండా వాటిపైన రేకు చూరు దింపాడు. బ్యాటరీని పెట్టె అడుగున కాక ఎత్తయిన పలక మీద కూర్చోబెట్టాడు. కాశిఫ్ తీగలు కలుపుతుంటే, హాషం ప్రతి బిగింపూ మళ్లీ చేత్తో లాగి చూశాడు. సుమశ్రీ పక్కనే నిలబడి అడగాల్సినవన్నీ అడిగింది. కొన్నిటికి కాశిఫ్ జవాబిచ్చాడు, కొన్నిటికి తెలియదన్నాడు. తెలియదన్న వాటిని కనుక్కునేదాకా పడవ నీళ్లలో దిగడానికి ఆ పిల్ల ఒప్పుకోలేదు.

చలికాలం వచ్చేసరికి దుర్గాంబ గారి కుడి కంటికి చూపు కొంత తిరిగొచ్చింది. మంచు పట్టిన అద్దంలోంచి చూసినట్టుంటుందని చెప్పేది. అంతకుమించి రాదని డాక్టరు తేల్చేశాడు. ఆ మాట విన్న రోజు హాషం మధ్యాహ్నం నమాజుకు పోయి, అందరూ లేచిపోయినా అక్కడే కూర్చుండిపోయాడు.

రుద్రమ్మ తోట దగ్గర పడవను నీళ్లలో దించిన పొద్దున, దుర్గాంబ గారు ఎక్కి కూర్చుంటే, మిగతావాళ్లంతా గట్టున నిలబడ్డారు. మోటారు తిరిగింది గానీ పడవ ముందుకు పోవడానికి మొరాయించింది. వెనక నీళ్లు చిమ్ముతున్నాయి. దుర్గాంబ గారు అంచు మీద వంగి చూసి, బ్యాటరీ తేలికవడంతో వెనక భాగం పైకి లేచిందని, మోటారు రెక్క సగం గాలిలో తిరుగుతోందని చెప్పింది. లాంచీ ఖాళీగా పోయేటప్పుడు నాన్న వెనక ఇసుక వేయించేవాడట. గోనె సంచుల్లో మట్టి నింపి వెనక సర్దారు. పడవ సమంగా కూర్చుంది.

ఆవిడ హాషంను ఎక్కమంది. అతను చేతులు జోడించాడు. తనకు ఈత రాదు, నీళ్లంటేనే భయం అన్నాడు. ఆవిడ లైఫ్ జాకెట్ తీసి అతని చేతిలో పెట్టింది. కాశిఫ్ దాని పట్టీలు బిగించాడు. హాషం కళ్లు మూసుకుని కాలు లోపల పెట్టి, పెట్టె పక్కనే కూర్చుని, ఒక చేత్తో అంచు, ఇంకో చేత్తో తెడ్డు పట్టుకున్నాడు.

ఆవిడ మీట తిప్పింది. హాషం చప్పుడు కోసం కాచుకున్నాడు. చప్పుడు రాలేదు. కొంచెంసేపు ఓపిక పట్టి కళ్లు తెరిచి చూస్తే, ఆవిడ తాపీగా కూర్చుని ఉంది.

"మళ్ల ఆగిపోయిందా మేడమ్?"

"ఒడ్డు వైపు చూడండి హాషం గారూ," అంది దుర్గాంబ గారు.

అతను తల తిప్పాడు. కాశిఫ్, సుమశ్రీ, గట్టు మీది వేపచెట్టు, అన్నీ చాలా దూరంలో చిన్నగా కనిపించాయి.